నర్సుబాయి చెప్పిన సైకిల్ దారి

నర్సుబాయి పోయిందన్న కబురు మంగళవారం మధ్యాహ్నం మా చాల్, అంటే వరుస గదుల మేడ, కింద ఉన్న ఇరానీ హోటల్ ఫోన్‌కు వచ్చింది. దాదర్‌లో తెలుగువాళ్ల సభ ఏదో ఉందని పొద్దున వెళ్లింది. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. ఆఖరి స్టాపులో అందరూ దిగినా ఆమె దిగలేదు. నిద్రపోతోందనుకుని కండక్టర్ "ఆజీ, ఉతరా", అవ్వా దిగు అని రెండుసార్లు పిలిచి, భుజం తట్టాడట. ఒడిలో కరివేపాకు కట్ట ఉంది. చెప్పులు కింద విడిచి, పాదాలు రెండూ ముందు సీటు కడ్డీ మీద పెట్టుకుని ఉంది.

హోటల్ మనిషి మెట్ల దగ్గరే నిలబడి ఇదంతా చెప్పాడు. నేను గ్యాలరీలో కూర్చుని బియ్యం ఏరుతున్నాను. చేట కింద పెట్టాలని కూడా తోచలేదు. "పొద్దుగాలనే వచ్చిపోయింది గద" అన్నాను, ఆ మాటతో కబురు అబద్ధమైపోతుందన్నట్టు. నిజంగానే ఆ పొద్దున ఆమె మా గదికి వచ్చింది. పురిటికి మా ఇంటికి వచ్చిన మా బిడ్డ సుజాత కడుపు మీద చెయ్యి వేసి చూసింది. "తల కిందికి దిగింది. ఇగ ఏ దినమన్న కావొచ్చు. భయమెందుకే, నేనున్న గద" అంది. బస్సుకు ఆలస్యమవుతుందని చాయ్ తాగకుండా పోయింది. ఆ చాయ్ ఇంకా గిన్నెలోనే ఉంది.

సుజాతకు అది తొలి కాన్పు. పెద్ద దవాఖాన అంటే దానికి వణుకు. నర్సుబాయి చేతనే పురుడు పోయించుకుంటానని పట్టుబట్టి మా ఇంటికి వచ్చింది. నిండు చూలాలి చెవిన చావు మాట పడకూడదని మా పెద్దలు చెబుతారు. అది లోపల పడుకుని ఉంది. నేను హోటల్ మనిషి వైపు చూసి నోటి మీద వేలు పెట్టుకున్నాను. ఆ వేలు తీయడానికి నాకు చాలాసేపు పట్టింది.

ఆమెను చూడనివారికి ఆమె గురించి కొంత చెప్పాలి. ఆమె కామాటిపురలోనే పుట్టింది. తండ్రి పాలమూరు దిక్కు నుంచి వచ్చి, కట్టడాల దగ్గర రాళ్లు మోసినవాడు. మున్సిపాలిటీ తెలుగు బడిలో చదివి, నర్సు పని నేర్చుకుని, కాన్పుల చదువుకని ఓడలో ఇంగ్లండ్ పోయింది. అక్కడే కొన్నేళ్లు పని చేసి తిరిగి వచ్చి, ఇక్కడ దవాఖానలో చేరింది. పెళ్లి సంగతి మేము అడగలేదు, ఆమె చెప్పలేదు. పని లేనప్పుడు, ఆ తర్వాత పని మానుకున్నాక, గల్లీల్లో పురుళ్లు పోసింది. ఇంగ్లండ్ నుంచి ఆమె తెచ్చుకున్న సామాన్లలో మాకు తెలిసింది ఒక్కటే, సైకిల్ బెల్లు. దాన్ని తన గది చౌకట్టుకు బిగించుకుంది. నొప్పులు మొదలైన ఇంటి మనిషి ఎవరైనా పరుగెత్తుకొచ్చి ఆ బెల్లు కొట్టాలి. బెల్లు వినపడితే చాల్ మొత్తానికి తెలిసిపోయేది, ఎవరో వస్తున్నారని.

నేను పాలమూరు నుంచి పెళ్లయి వచ్చిన రెండో ఏడు, ఈ సుజాత పుట్టేటప్పుడు, నా కోసం ఆ బెల్లు మోగింది. నాకు తల్లి లేదు. అత్త కూలి పని దగ్గర ఉంది. నర్సుబాయి వచ్చి చేతులు కడుక్కుని, స్టవ్ మీద నీళ్లు పెట్టించి, నా పక్కన కూర్చుంది.

"ఏడ్సుడు తర్వాత. ముందుగాల సైకిల్ ఎక్కు" అంది.

"నాకు సైకిల్ రాదు."

"నాకు మాత్రం వస్తుండెనా? ఎక్కినంక వచ్చింది. చల్, తెల్ల గేటు తీసినం. బయటికొచ్చినం. గేటు మూసినవా?"

నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను.

"మూయకపోతే గొర్రెలన్ని రోడ్డు మీదికొస్తయి. గొర్రె నీది కాకపోయినా గేటు మూయాలె. మూసినవా?"

"మూసిన" అన్నాను కోపంగా.

"శాబాష్. ఇగ పోదాం. రోడ్డు ఒక్క బండి పట్టేంతనే ఉన్నది. రెండు దిక్కుల మనిషెత్తు చెట్ల కంచె. ముందట ఏమున్నదో కనవడదు. కనవడకున్నా పోతనే ఉండాలె."

నొప్పి వస్తే, గుట్ట వచ్చింది, లేచి తొక్కు అనేది. నొప్పి తగ్గితే, దిగుడు వచ్చింది, కాళ్లెత్తుకో, ఏం చెయ్యకు అనేది. "దిగుడు మీద గూడ తొక్కేటోళ్లు పిచ్చోళ్లు. బండి దానంతట అదే పోతది. నువ్వు గాలి పీల్చుకో." అట్లా గొర్రెల పల్లె దాటాం. గూళ్ల వంతెన ఎక్కాం. అది పాత రాతి వంతెన. ఎదురుగా బండి వస్తే మనిషి తప్పుకుని నిలబడడానికి గోడలో గూళ్లు కట్టారు. ఒక గూటిలో నన్ను చాలాసేపు నిలబెట్టింది. ఆ తర్వాత ఒంటిముల్లు గుడి. దాని గోపురం మీద గడియారానికి ఒక్కటే ముల్లు. ఆ తర్వాత బాతుల కుంట. సుజాత అక్కడ పుట్టింది.

మా చాల్‌లో పిల్లలు పుట్టిన చోట్లు అట్లాగే చెప్పుకునేవాళ్లం. ఒకరి కొడుకు వంతెన మీద, ఒకరి బిడ్డ గొర్రెల పల్లెలో. ఏ పని అప్పజెప్పినా అటూ ఇటూ ఊగేవాడిని "వంతెన మీద పుట్టిండు, ఏ ఒడ్డుకూ చేరడు" అని తిట్టేవాళ్లు. కుంట తర్వాత గడ్డి కప్పుల ఊరు. దాని తర్వాత నీళ్ల మర, అంటే వాగు నీటితో తిరిగే పిండి మర. మర దాకా ఎవరినీ ఉంచేది కాదు. "మర కనవడ్డదంటే నా పని అయిపోయినట్టు. అప్పుడు టాక్సీ పిలవాలె, దవాఖానకు పోవాలె. గర్వం పోయి మనిషి మిగలాలె గనీ, మనిషి పోయి గర్వం మిగలొద్దు" అనేది. కాబట్టి మర దాటిన తర్వాత ఏముందో మాలో ఎవరికీ తెలియదు.

ఆ దారి పాలమూరు జిల్లాలోనే ఎక్కడో ఉందని మేమంతా అనుకున్నాం. ఆమె ఇంగ్లండ్ పోయి వచ్చిన సంగతి తెలిసినా, ఇంగ్లండ్ అంటే మాకు పెద్ద దవాఖానలు, పొగ, చలి. అక్కడ గొర్రెలు, కుంటలు ఉంటాయని ఎవరికీ తట్టలేదు. అది బయటపడింది మా పక్క గది బాలమ్మ వల్ల. బాలమ్మ రెండో కాన్పు కష్టమైంది. గుడి దగ్గర ఆగిపోయింది. బిడ్డ బయటపడితే ఒంటిముల్లు గుడికి వచ్చి కొబ్బరికాయ కొడతానని నొప్పుల్లోనే మొక్కుకుంది. తర్వాత ఊళ్లో జాతరకు పోయినప్పుడు కొబ్బరికాయ సంచిలో పెట్టుకుని ఆ గుడి కోసం బయల్దేరింది. తిరిగి వచ్చి, మెట్లెక్కుతూనే నర్సుబాయి మీద పడింది.

"బాయి, నువ్వు చెప్పిన ఊరికి బస్సే లేదంట. మహబూబ్‌నగర్ బస్టాండ్ల అడిగిన. ఒంటిముల్లు గుడి అంటే కండక్టర్ నవ్విండు. గొర్రెల పల్లె అంటే, గొర్రెలు లేని పల్లె ఏది తల్లీ అన్నడు. ఎండల తిరిగి తిరిగి సచ్చిన."

నర్సుబాయి గిన్నె తోముతూ ఆగింది. "పాలమూరుల దేవులాడినవా? అది ఇంగ్లండుల గద ఉన్నది."

బాలమ్మ కొబ్బరికాయ సంచి కింద పెట్టింది. పెట్టి అంది, "అయితే బస్సు లేదన్న మాట నిజమే."

"ఇంగ్లండుల గొర్రెలుంటయా?" అని నేను అడిగాను.

"మనుషుల కంటె ఎక్కువనే."

"మరి తెలుగు పేర్లెందుకు పెట్టినవ్?"

"ఆ ఊర్ల పేర్లు నాకే నోరు తిరుగకపోతుండె. నొప్పులు పడేదానికి ఏం తిరుగుతది?"

బాలమ్మకు మొక్కు దిగులు పోలేదు. అది తెల్లవాళ్ల గుడి, వాళ్ల దేవుడికి కొబ్బరికాయ అలవాటు ఉందో లేదో, కొట్టకపోతే ఏమవుతుందో అని. నర్సుబాయి చెయ్యి చాపింది. "ఆ గుడి దిక్కు నుంచి నేనే తింట. తే." గ్యాలరీ మెట్టు మీద కొట్టి అందరికీ పంచింది. అందరికంటే పెద్ద ముక్క తనే తీసుకుంది.

అప్పటి నుంచి మధ్యాహ్నాలు, నల్లా నీళ్లు వచ్చేలోగా, ఆ దారి గురించి మేము అడిగేవాళ్లం, ఆమె చెప్పేది. కాన్పుల సంచి సైకిల్ వెనుక కట్టుకుని ఊరూరూ తిరిగిందట. మొదటి వారంలోనే వంపు తిరగలేక ముళ్ల కంచెలో పడింది. పొలం నుంచి ఒక ముసలావిడ వచ్చి, ఒక్క మాట మాట్లాడకుండా చేతిలోంచి ముళ్లన్నీ సూదితో తీసి, చాయ్ ఇచ్చి పంపింది. గుడి తలుపు పక్కన రాతిలో సన్నని గీతలు ఉండేవట. ఎన్నో వందల ఏళ్ల కింద బాణాలు అక్కడ నూరేవారని ఊరివాళ్లు చెప్పారు. ఆ గీతలో తను వేలు పెట్టి చూసింది. "మన ఊర్ల కొడవండ్లు నూరే బండ తీరుగనే ఉండె" అంది. గడ్డి కప్పుల ఊరిలో ఇళ్లు ఎంత కిందికి ఉండేవంటే, సైకిల్ మీద పోతుంటే చూరు చేతికి తగిలేది. దారి పొడవునా మనిషి ఎదురుపడడం అరుదు. వాన మాత్రం రోజూ ఎదురుపడేది.

"ఒక్క ముల్లుతోటి నిమిషాలు ఎట్ల తెలుస్తయి బాయి?" అని అడిగాను.

"వాళ్ల తాతలు నిమిషాలు లేకుండనే బతికిన్రు. కాన్పుకు గూడ నిమిషాలు లేవు" అంది.

ఇక్కడ సైకిల్ ఎందుకు తొక్కవని బాలమ్మ అడిగితే, "యాడ తొక్కాలె? సగం గల్లీ మంచాలే ఉన్నయి" అని నవ్వింది. మర దాటితే ఏముంటుందని నేను అడిగాను. "నీకెందుకు? నువ్వు కుంట కాడనే దిగినవ్ గద" అంది. అంతకంటే చెప్పలేదు.

ఒకసారి ఆమెతో కలిసి దాదర్ పోయాను. బస్సు బైకల్లా వంతెన ఎక్కి అటు దిగడం మొదలుపెట్టగానే, ఆమె చెప్పులు విడిచి, రెండు పాదాలూ ఎత్తి ముందు సీటు కడ్డీ మీద పెట్టుకుంది. ఏమిటి బాయి అంటే "దిగుడు" అంది. బస్సు చదును మీదికి వచ్చాక కాళ్లు దించి చెప్పులు వేసుకుంది. ఆ మంగళవారం ఆమె ప్రాణం ఎక్కడ పోయిందో కండక్టర్‌కు తెలియదు. నాకు తెలుసు అనిపిస్తుంది.

దవాఖాన నుంచి తెచ్చాక ఆమెను చాల్ దాకా తీసుకురాలేదు. సుజాత ఉందని గల్లీ మొగదల్లోనే దించారు. డప్పు వద్దన్నాం. ఎవరినీ గట్టిగా ఏడవనివ్వలేదు. ఇరవై ఏళ్లుగా మా అందరి ఇళ్లలో అరుపులు విన్న మనిషిని చప్పుడు లేకుండా పంపించాం. అది నాకు ఇప్పటికీ మింగుడు పడడం లేదు. పక్క గల్లీల ఆడవాళ్లు, రాత్రిళ్లు గుమ్మాల్లో నిలబడే, ఎవరూ పేరు అడగని ఆడవాళ్లు, తలల మీద కొంగు కప్పుకుని అవతలి పక్క నిలబడ్డారు. వాళ్లలో ఒకామె నా దగ్గరికి వచ్చి హిందీలో, తన బిడ్డ వంతెన మీద పుట్టిందని చెప్పింది. నా బిడ్డ కుంట దగ్గర అన్నాను. ఇన్నేళ్లుగా పక్క పక్క గల్లీల్లో ఉండి మేము మాట్లాడుకున్న మొదటి మాట అది.

మగవాళ్లు ఆమెను తీసుకుపోయాక మేము కింద నల్లా దగ్గర తలల మీద నీళ్లు పోసుకుని పైకి వచ్చాం. సుజాత గ్యాలరీలో కూర్చుని ఉంది. నర్సుబాయి ఏదని అడిగింది. చుట్టాలెవరో పిలిస్తే ఊరికి పోయిందన్నాను. "ఊఁ" అంది.

శుక్రవారం పొద్దున సుజాతకు నొప్పులు మొదలయ్యాయి. మా ఇంటాయన నా మాట పూర్తిగా వినకుండానే చొక్కా వేసుకుంటూ బయటికి పరుగెత్తాడు. మరుక్షణం గ్యాలరీ చివర సైకిల్ బెల్లు మోగింది. పాడె మోసిన మనిషే పోయి ఆ బెల్లు కొట్టాడు. తలుపులన్నీ తెరుచుకున్నాయి. ఆడవాళ్లంతా బయటికి వచ్చి ఆ తాళం వేసిన గది వైపు చూశారు. ఆయన బెల్లు మీద చెయ్యి పెట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. "అలవాటుల కొట్టిన" అన్నాడు.

లోపల సుజాత నన్ను అడిగింది. "నాయిన బెల్లు ఎందుకు కొట్టిండమ్మా? బాయి లేదు గద."

"ఊర్ల నుంచి వచ్చిందేమో అని..."

"అమ్మా. బుధారం నాడు మీరందరు ఒక్కపారే తడి ఎంటికలతోటి మెట్లెక్కొచ్చిన్రు. ఒక్కరి కాడ గూడ సీకాయ వాసన లేదు. అంత మంది మొగోళ్లు పనికి పోలేదు. నేను చిన్నపిల్లనా?"

అంతా దాచాం. జుట్టు ఆరబెట్టుకోవడం మరిచాం.

"మరి అడగలేదేమే?"

"అడిగితే మీరు ఏడుస్తరు. నేను ఏడ్వొద్దని గద మీరు దాసింది." ఇంకో నొప్పి వచ్చింది. అది నా చెయ్యి పట్టుకుంది. "ఇగ సైకిల్ ఎవలు తీస్తరు?"

 వాకిట్లో నిలబడిన బాలమ్మ లోపలికి వచ్చి కూర్చుంది. "ఎవలో ఒకలు తీస్తరు తియ్యి. తెల్ల గేటు తీసినం. బయటికొచ్చినం. గేటు మూసినవా?"

"మూసిన" అంది సుజాత.

పక్క గల్లీ నుంచి మంత్రసాని వచ్చి చూసింది. అంతా సరిగానే ఉంది, ఇంకా సమయం పడుతుంది అంది. ఆ పొద్దంతా ఆ దారిని ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. గొర్రెల పల్లెలో కన్నామె అక్కడి దాకా చెప్పి ఆగింది. వంతెన మీద కన్నామె అందుకుంది. గుడి దాకా బాలమ్మ. కుంట దాకా నేను. అక్కడి నుంచి గడ్డి కప్పుల ఊరిలో కన్నామె. కుంట దగ్గర బాలమ్మ బాతులను కూడా దారి మీంచి తోలబోతే, "అట్ల లేదక్క, బాయి బాతులను తోలదు" అని సుజాతే సరిదిద్దింది. ఎవరికి ఎంత దూరం తెలుసో అంత దూరమే. ఎవరూ తమకు తెలియనిది కలపలేదు. గడ్డి కప్పుల ఊరు దాటేసరికి ఎండ అవతలి చాల్ గోడ మీదికి పోయింది. బిడ్డ రాలేదు. మంత్రసాని నా వైపు చూసింది.

"మర కనవడుతున్నది" అన్నాను.

ఎవరూ వాదించలేదు. సుజాత కూడా దవాఖాన వద్దని అనలేదు. బాయి పెట్టిన నియమం అది. మా ఇంటాయన టాక్సీ తెచ్చాడు. ఆయన, మంత్రసాని వెనుక బస్సులో వస్తామన్నారు. బాలమ్మ ముందు సీట్లో, మేమిద్దరం వెనుక. తలుపు వేశాక సుజాత "మూసినవా అమ్మా" అంది. మూసిన అన్నాను.

బాలమ్మ వెనక్కి తిరిగి హిందీ కలిపి గుట్టలు చెబుతూనే ఉంది. డ్రైవర్ కాసేపు విని, "మౌసీ, యే కౌన్‌సా రాస్తా హై?" అని అడిగాడు. ఇది ఏ దారి అని.

"నీ దారి నువ్వు సూసుకో. మా దారి మేం సూసుకుంటం" అంది బాలమ్మ.

గ్రాంట్ రోడ్ వంతెన ఎక్కేటప్పుడు పెద్ద నొప్పి వచ్చింది. లేచి తొక్కు బిడ్డా అన్నాను. కింద రైలు పోతోంది. వంతెన మీదికి చేరేసరికి నొప్పి వదిలింది. సుజాత ముఖం తుడుచుకుంది.

"మర దాటినం గదమ్మా. దాటినంక ఏమున్నది?"

నాకు తెలియదు.  ఏదైనా ఒక ఊరి పేరు చెప్పేస్తే సరిపోయేది. బాయి చెప్పనిది చెప్పడానికి నాకూ బాలమ్మకూ మనసు రాలేదు. టాక్సీ వంతెన దిగడం మొదలుపెట్టింది. సుజాత చెప్పులు విడిచింది. రెండు పాదాలూ ఎత్తి ముందు సీటుకు ఆనించి, వెనక్కి వాలి కళ్లు మూసుకుంది. దానికి ఆ సంగతి నేను ఎప్పుడూ చెప్పలేదు.

"దిగుడే అమ్మా" అంది. "ఇంకేముంటది."

దవాఖానలో దాన్ని లోపలికి తీసుకుపోయారు. కిటికీ దగ్గర పేరు రాయిస్తుండగానే తలుపు తీసుకుని నర్సు వచ్చింది. ఆడపిల్ల, ఇద్దరూ బాగున్నారు అంది. తెల్ల బట్టల్లో ఉన్న ఆ నర్సు ముఖం చూసి, నర్సుబాయికి కబురు పంపాలి అనుకున్నాను. అనుకుని, గుర్తొచ్చి, అక్కడే గోడ పట్టుకుని నిలబడ్డాను. ఇప్పటికీ రోజుకు ఒకసారైనా అట్లా అనుకుంటున్నాను.

పిల్ల ఎక్కడ పుట్టిందని చాల్‌లో అడిగితే బాలమ్మ చెబుతుంది. "మర దాటినంక" అని. మాలో అంత దూరం పోయిన పిల్ల అదొక్కతే.

మొన్న పిల్లకు గుడ్డలు కొనడానికి దాదర్ పోయి బస్సులో తిరిగి వస్తున్నాను. బస్సు నిండా జనం. మా గల్లీలవాళ్లు కొందరు ఉన్నారు. ముందు సీట్లలో ఆ పక్క గల్లీ ఆమె, గూళ్ల వంతెన మీద బిడ్డను కన్న ఆమె, కూరగాయల సంచి పట్టుకుని కూర్చుంది. నన్ను చూసింది, నవ్వలేదు, కొంగు సర్దుకుంది. బస్సు బైకల్లా వంతెన ఎక్కింది. పైకి చేరి, అటు దిగడం మొదలైంది. నేను చెప్పుల్లోంచి కాళ్లు తీసి పైకెత్తాను. ఎవరైనా చూస్తున్నారేమోనని తల దించి కిందికి చూశాను. సీట్ల కింద, వరుసగా, అక్కడ రెండు, ఇక్కడ రెండు, ఖాళీ చెప్పులు కనిపించాయి.